నీటికాకుల మేనరికం

ఉమ్ అల్ కువైన్ల తెల్లారకముందే పడవెక్కుతం.
ఖుదాదాద్ చుక్కాని పడతడు, నేను ఐసుడబ్బా పడత,
డాక్టర్ మౌజా మేడం సూదుల సంచి ఒళ్ళో పెట్టుకొని
నోరు కొంచెం తెరిచి నిద్రపోతది.

దీవి కనబడకముందే వాసన వస్తది.
చేపలు, ఉప్పు, సున్నం
ఎండల ఉడికిన వాసన.
మొదటిరోజు కక్కుకున్న.
ఇప్పుడు శుక్రవారం ఆ వాసన లేకుంటే
ఏదో మర్చిపోయినట్టుంటది.

ఒకప్పుడు పిట్టల కింద ఇసుక కనబడేది కాదట.
ఇప్పుడు లెక్కపెట్టొచ్చు.
పెట్టింది నేనే: రెండొందల పదకొండు.

ఇక్కడోళ్ళు లూహ్ అంటరు. నేను నీటికాకి అంట.
మా కోరుట్ల దిక్కు పిండం కాకి ముట్టాలె,
ముట్టకుంటే పోయినోళ్ళ మనసుల ఏదో మిగిలిపోయినట్టు.
మా నాయిన దినాలకు నేను లేను.
కాకి ముట్టిందని ఫోన్ల చెప్పిన్రు.
ఇక్కడ కాకిని నేనే ముడుతున్న.
రెక్క విప్పి పట్టుకుంట, మేడం నరం వెతుకుతది,
ఒక్క బొట్టు, ఆవగింజంత.
దాని గుండె నా అరచేతిల
కుట్టుమిషన్ లెక్క కొట్టుకుంటది.
వదిలేముందు ఒక్క పోటు పొడిచే పోతది.
దాని తప్పేం లేదు.

ఆ బొట్లు మైనస్ ఎనభైల ఉంటయి.
మా క్యాంపుల ఏసీ చెడి నెల,
పన్నెండు మందిమి తడి తువ్వాలలు కప్పుకొని పంటం.
ఆ ఫ్రిజ్‌కు మాత్రం జనరేటరున్నది.
కోపం రాలేదా అంటే, వచ్చింది.
ఒక రాత్రి తలుపు తీసి మొఖం పెట్టిన.
అరవై నాలుగు బొట్లు నన్ను చూసినయి.
మూసేసిన.

ఫలితాలొచ్చిన రోజు మేడం తెరమీద గీతలు చూపించింది.
ఆమె ఇంగ్లీషు నాకు సగం, నా అరబ్బీ ఆమెకు పావు.
గీతలన్నీ ఒక్క తీరే ఉన్నయి.
"వీటికి బయటి రక్తం లేదు. ఎన్నో తరాల నుంచి
వీటిల వీటికే..." మాట కోసం తడుముకున్నది.
మేనరికం, అన్న నేను.
అంటే?
మేనమామ బిడ్డ. మేనత్త కొడుకు. నేను, నా భార్య జమున.
ఇంటి పిల్ల ఇంట్లనే ఉంటది, మడి చెక్క మనకే ఉంటది.
ఆమె చాలాసేపు గీతలనే చూసింది.
"మాకు బింత్ అమ్" అన్నది. "చిన్నాన్న కూతురు. మా అమ్మ కూడా."
ఇద్దరం ఇంకేం అడగలే.

మా పిల్లగానికి పేరు పెట్టినం.
ఆ పేరు వానికి ఎన్నడూ వినబడలే.
ఊర్ల శాపమన్నరు, గ్రహణమన్నరు,
జమున నడకను కూడా తప్పుపట్టిన్రు.
ఎవ్వరూ గీతలు చూపించలే.

ఉత్తరాన ఇంకో దీవి. అక్కడి కాకుల రక్తం వేరు.
పన్నెండు గుడ్లు తెచ్చినం.
ముప్పై ఏడు డిగ్రీల డబ్బా నా ఒళ్ళో,
మూడు గంటలు అలలమీద,
ఉచ్చకు కూడా లేవలే.
"నొప్పులెప్పుడు?" అని ఖుదాదాద్ ఒకటే నవ్వు.
సంబంధం తెచ్చిన పెద్దమనిషి లెక్క
వంగి వంగి ఒక్కో గూటిల పెట్టిన.
ఒక తల్లి చూడకుండనే పొట్ట కిందికి జరుపుకున్నది.
ఒకతి కాలితోని తన్నింది.
నాలుగు గుడ్లు సముద్రపు పిట్టలు తాగినయి.
ఏడు పొదిగినయి.
బొచ్చు లేదు, కండ్లు లేవు, ఏం అందం లేదు,
ఒర్రుడు మాత్రం దీవంతా వినబడుతది.

"తేడా తెలవాలంటే ఇంకో ఆరేడు తరాలు" అన్నది మేడం.
నా వీసా ఇంకో ఎనిమిది నెలలు.

రాత్రి వీడియోల పిల్లగానికి
రెక్క ఎట్ల విప్పాల్నో చేతులతోని చూపించిన.
వాడు నా మణికట్టు మీది గాటు చూసిండు,
రెండు వేళ్ళు ముక్కు లెక్క జేసి
తెరను పొడిచిండు.
మళ్ళా పొడిచిండు.